అడపాదడపా వచ్చే మొటిమకు పైపూత మందు ఎంచుకోవడం ఎలా?

నెలసరికి వారం ముందు గడ్డం మీద ఒకటి, ఎండాకాలం చెమటకు నుదుటి మీద రెండు, సరిగ్గా పెళ్లికి బయలుదేరే ముందు ముక్కు పక్కన ఇంకొకటి. ఇలా వచ్చి పోయే మొటిమలు ఉన్నవారి కోసం ఈ వ్యాసం. ముఖమంతా నిండిపోయిన మొటిమలకు దారి వేరు, దాని సంగతి చివర్లో చెబుతాను.

అడపాదడపా వచ్చే మొటిమకు వరసగా నాలుగైదు సీసాలు అక్కర్లేదు. ఒక మందు, మహా అయితే రెండు చాలు. కానీ ఆ ఒక్కటీ సరైనది కావాలి. దాన్ని ఎంచుకోవడానికి ట్యూబు ముందువైపు ఉన్న పేరూ, పెట్టె మీద నవ్వుతున్న ముఖమూ పనికిరావు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న మందు దినుసు పేరు, దాని పక్కనున్న శాతం చదవాలి.

మరొక విషయం ముందే తెలుసుకోండి. మన చామనఛాయ, నలుపు చర్మాల్లో మొటిమ కంటే అది వదిలే మచ్చకే ఆయుష్షు ఎక్కువ. మొటిమ వారం పది రోజుల్లో అణిగిపోతుంది. వాపు వచ్చిన చోట చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా తయారై పడిన నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. చర్మం మండినా, కమిలినా అలాంటి మచ్చే పడుతుంది. అందుకే ఘాటైన మందు రాస్తే త్వరగా తగ్గుతుందనే నమ్మకం మనకు ఎక్కువ నష్టం చేస్తుంది.

మొదట, అది ఏ రకమో చూడండి

పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి చూడండి. చర్మంలోని ప్రతి రోమకూపానికీ ఒక నూనె గ్రంథి ఉంటుంది. ఆ నూనె, రాలిన మృతకణాలు కలిసి రంధ్రాన్ని మూసేసినప్పుడు మొటిమకు బీజం పడుతుంది. ఆ మూత పైకి తెరుచుకుని ఉంటే నల్లగా కనిపిస్తుంది, అదే బ్లాక్‌హెడ్. ఆ నలుపు మురికి వల్ల వచ్చినది కాదు, ఎంత రుద్దినా పోదు. చర్మం కిందే మూసుకుని ఉంటే చిన్న తెల్లని పొక్కులా ఉంటుంది, అది వైట్‌హెడ్. లోపల చిక్కుకున్న నూనెలో క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా పెరిగి, శరీరం దాని మీద ఎదురుదాడికి దిగితే ఎర్రని బొడిపె వస్తుంది. దాని కొనన చీము కూడా చేరవచ్చు. తాకితే నొప్పి పుట్టే లోతైన గట్టి గడ్డ అయితే పైపూత మందు అంత లోతుకు చేరదు.

ఇవేవీ కాని బొబ్బలు కూడా మొటిమల్లా కనిపిస్తాయి. నుదుటి మీద, వీపు మీద అన్నీ ఒకే పరిమాణంలో, దురదతో, గుంపుగా వచ్చాయంటే మలసీజియా అనే ఈస్టును (ఒక రకం ఫంగస్‌ను) అనుమానించాలి. ఉక్కపోత ఉండే కోస్తా ఊళ్లలో, హెల్మెట్ పెట్టుకుని చెమటలో తిరిగేవారిలో ఇది కనిపిస్తూ ఉంటుంది. దీనికి మొటిమల మందులు సరిగా పనిచేయవు, యాంటీబయాటిక్ వాడితే ఇంకా పెరగవచ్చు. డాక్టరుకు చూపించి, ఫంగస్‌కు వాడే మందు తీసుకోవాలి. థ్రెడింగ్ చేయించుకున్న మర్నాడు పైపెదవి మీద వచ్చే పొక్కులు, గడ్డం గీసుకున్నాక మెడ మీద వచ్చేవి రోమకూపాలు రేగడం వల్ల వస్తాయి. కొన్నాళ్లు ఆ పని ఆపితే చాలావరకు అవే తగ్గిపోతాయి. తలకు నూనె దట్టంగా పట్టించేవారికి జుట్టు మొదలయ్యే గీత వెంట చిన్నచిన్న పొక్కులు వస్తే, మందు కొనే ముందు నూనె నుదుటి మీదకు జారకుండా చూసుకోండి. దిండు గలేబు మార్చండి.

రకాన్ని బట్టి దినుసు ఎంచుకోండి

ఎర్రగా ఉబ్బినది, చీము పట్టినది అయితే నేను ముందుగా చెప్పే పేరు బెంజాయిల్ పెరాక్సైడ్. ఇది రోమకూపంలోకి దిగి ఆక్సిజన్ విడుదల చేసి బ్యాక్టీరియాను చంపుతుంది. యాంటీబయాటిక్‌లకు అలవాటు పడినట్టు బ్యాక్టీరియా దీనికి అలవాటు పడదు. మందుల దుకాణాల్లో 2.5, 5, 10 శాతాల్లో దొరుకుతుంది. 2.5 శాతం తీసుకోండి. మొటిమను తగ్గించడంలో అది 10 శాతానికి దాదాపు సమానమని 1980లలోనే పోల్చి చూశారు. మంట, పొట్టు లేవడం మాత్రం 10 శాతంతో ఎక్కువ. డబ్బు పోసి మంట కొనుక్కోవడం ఎందుకు? ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: ఇది బట్టల రంగు తినేస్తుంది. రంగు తువ్వాలు, పట్టు జాకెట్టు మెడ, ముదురు రంగు దిండు గలేబు దీనికి తగలనివ్వకండి. రాత్రి రాసుకుంటే తెల్లటి గలేబు వాడండి.

బ్లాక్‌హెడ్‌లు, వైట్‌హెడ్‌లు ఎక్కువై, ఎరుపు తక్కువగా ఉంటే సాలిసిలిక్ ఆమ్లం నయం. ఇది నూనెలో కరిగే గుణం వల్ల జిడ్డు నిండిన రంధ్రంలోకి చొచ్చుకుపోయి మూతను వదులు చేస్తుంది. 0.5 నుంచి 2 శాతం వరకు ఉన్నవి వస్తాయి. ఫేస్‌వాష్‌లో ఉన్న సాలిసిలిక్ ఆమ్లం అర నిమిషంలో నీళ్లతో పోతుంది కాబట్టి, రాసి వదిలేసే జెల్ లేదా లోషన్ తీసుకుంటే ఫలితం మెరుగు. ఆస్పిరిన్ పడనివారు దీని జోలికి వెళ్లకండి, రెండూ ఒకే కుటుంబానికి చెందినవి.

అజిలాయిక్ ఆమ్లం మన చర్మానికి వచ్చిన మంచి చుట్టం. దీని గురించి మాట్లాడేవారు తక్కువ. మొటిమ వాపును అణచడంతో పాటు మెలనిన్ అతిగా తయారవడాన్ని తగ్గిస్తుంది. అంటే మొటిమకూ, అది వదిలే మచ్చకూ ఒకే ట్యూబు సరిపోతుంది. 10, 15, 20 శాతాల్లో ఉంటుంది, 10తో మొదలుపెట్టండి. రాసిన మొదటి వారాల్లో కొద్దిసేపు చీమలు పాకినట్టు చిమచిమలాడుతుంది. అది మామూలే. మంటగా మారితే ఆపాలి. గర్భిణులకు వైద్యులు తరచుగా సూచించే మొటిమల మందు కూడా ఇదే. ఒక్కో మొటిమ పోయినా నల్లటి చుక్కను వదిలి వెళ్లే చర్మం మీదైతే, నా మాటగా దీన్నే ముందు ప్రయత్నించండి.

తేలికైన ఉపాయం కావాలంటే నియాసినమైడ్ ఉంది. దీన్నే నికోటినమైడ్ అని కూడా రాస్తారు. 4 శాతం జెల్ మందుల దుకాణాల్లో దొరుకుతుంది. ఎవరి చర్మానికైనా సాధారణంగా పడుతుంది, నెమ్మదిగా పనిచేస్తుంది. సున్నితమైన చర్మం ఉన్నవారికి మంచి తోడు.

అడపలీన్ 0.1 శాతం జెల్ రెటినాయిడ్ వర్గానిది, అంటే విటమిన్ ఎ తరహా మందు. ఇది వచ్చిన మొటిమను ఎండగట్టడం కంటే రాబోయేదాన్ని ఆపడంలో దిట్ట. ఈ రోజు అద్దంలో కనిపించిన మొటిమ లోపల కొన్ని వారాల క్రితమే మొదలై ఉంటుంది. అందుకే ఒక్కో మొటిమ వెంట పడి చుక్క మందు పెడుతూ పోతే, ఒకటి తగ్గేసరికి పక్కన ఇంకొకటి లేస్తుంది. ప్రతి నెలా అదే చోట మొటిమ వస్తుంటే అడపలీన్ గురించి ఆలోచించవచ్చు. దీన్ని మొటిమ మీద చుక్కలా పెట్టకూడదు. మొటిమలు వచ్చే భాగమంతటికీ పలుచగా రాయాలి, రాత్రి మాత్రమే. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి వారాల్లో కొద్దిగా ఎక్కువైనట్టు కనిపించవచ్చు. అమెరికాలో 2016 నుంచి ఇది డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతోంది, అక్కడున్న మనవాళ్లకు సులువు. ఇక్కడ చర్మవైద్యుల సలహాతో వాడండి. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవారు వాడకూడదు.

టీ ట్రీ నూనె గురించి చాలామంది అడుగుతారు. 5 శాతం టీ ట్రీ జెల్‌ను 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌తో 1990లో ఆస్ట్రేలియాలో పోల్చారు. రెండూ పనిచేశాయి. టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది, ఇబ్బందులు తక్కువ. కాకపోతే ఆ ఫలితం 5 శాతం జెల్‌కు మాత్రమే. చిన్న సీసాలో వచ్చే చిక్కటి నూనెను నేరుగా ముఖానికి పూస్తే చర్మం రేగుతుంది.

అప్పటికే తల తెరుచుకుని నీరు కారుతున్న మొటిమకు హైడ్రోకొల్లాయిడ్ ప్యాచ్‌లు వస్తున్నాయి. మొటిమ మీద చిన్న బిళ్లలా అతికిస్తే ద్రవాన్ని పీల్చుకుంటాయి. వాటి అసలు మేలు ఏమిటంటే, మన చేయి మొటిమ మీదకు వెళ్లకుండా ఆపుతాయి. గిల్లే అలవాటు ఉన్న పిల్లలకు ఇవి కొనిపెట్టండి.

ఈ ట్యూబులు మాత్రం కొనకండి

మందుల దుకాణంలో “మొటిమలకు ఏదైనా క్రీమ్ ఇవ్వండి” అని అడగడం మన దగ్గర మామూలు. చేతికి వచ్చే ట్యూబు వెనక్కి తిప్పి చూడండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినొలోన్ అనే పేర్లలో ఏది కనిపించినా వెనక్కి ఇచ్చేయండి. ఇవన్నీ స్టెరాయిడ్లు. రాసిన రెండు మూడు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, ముఖం తెల్లబడినట్టు అనిపిస్తుంది. అందుకే పక్కింటి అక్క సలహాతో, పెళ్లికూతురికి పిన్ని సలహాతో ఇవి ఇల్లిల్లూ తిరుగుతున్నాయి. కొన్ని వారాలు దాటాక చర్మం పలుచబడుతుంది, ఎర్రటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, అవాంఛిత రోమాలు వస్తాయి, కొత్త మొటిమలు గుంపుగా లేస్తాయి. ఆపితే ముఖం మండిపోతుంది కాబట్టి మళ్లీ రాస్తారు. చర్మవైద్యులు దీన్ని స్టెరాయిడ్‌కు బానిసైన ముఖం అని ప్రత్యేకంగా గుర్తించారు. మన దేశంలో ఇది ఎంత పెరిగిందంటే, వైద్యుల సంఘాల ఒత్తిడి తరువాత 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. అయినా అడిగితే ఇచ్చే దుకాణాలు ఉన్నాయి.

రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, అడపలీన్ లాంటి రెటినాయిడ్ అయిన ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మొమెటసోన్ మూడూ కలిసిన క్రీమ్ కూడా ఇలాంటిదే. దాన్ని మంగుమచ్చలకు వైద్యులు కొద్ది కాలానికి రాస్తారు. మొటిమకూ, రంగు కోసమూ రోజూ రాసుకునే క్రీమ్ కాదది. ఇప్పటికే ఇలాంటిది నెలల తరబడి రాస్తున్నవారు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి.

ఇక క్లిండమైసిన్. దుకాణదారు ఎక్కువగా చేతిలో పెట్టే జెల్ ఇదే, తరచుగా నికోటినమైడ్‌తో కలిపి వస్తుంది. పనిచేయదని అనను. కానీ ఇది యాంటీబయాటిక్. ఒక్కదాన్నే నెలల తరబడి రాస్తే బ్యాక్టీరియా దానికి లొంగడం మానేస్తుంది. అందుకే వైద్యులు దీన్ని బెంజాయిల్ పెరాక్సైడ్‌తో జతచేసి, కొద్ది కాలానికే ఇస్తారు. నెలకొకసారి వచ్చే రెండు మొటిమలకు యాంటీబయాటిక్ అవసరం లేదు. మందు పెట్టె ఎడమవైపున నిలువునా ఎర్రగీత ఉంటే, అది వైద్యుల సలహా మీద వాడాల్సిన మందని గుర్తు.

రాసే పద్ధతి

కొత్త మందు తెచ్చిన రోజే ముఖమంతా పూయకండి. చెవి వెనక లేదా దవడ కింద కొద్దిగా రాసి, రెండు మూడు రోజులు వరసగా చూడండి. వాపు, దద్దుర్లు, తీవ్రమైన దురద లేకపోతే ముఖానికి రాయవచ్చు.

ముఖం సౌమ్యమైన సబ్బులేని క్లెన్సర్‌తో, మామూలు నీళ్లతో కడగండి. పీచుతో, సున్నిపిండితో రుద్దవద్దు. తువ్వాలుతో అద్దినట్టు తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. అడపలీన్ అయితే పది ఇరవై నిమిషాలు ఆగడం మంచిది, తడి చర్మం మీద అది ఎక్కువగా మండుతుంది. ముఖం మొత్తానికి రాయాల్సిన మందైతే బఠాణీ గింజంత చాలు. మొటిమ మీద మాత్రమే రాసేదైతే ఆవగింజంత. తెల్లగా పైన పొరలా కనిపించిందంటే ఎక్కువ రాసినట్టే. కంటి చుట్టూ, పెదవుల మూలల్లో, ముక్కు మడతల్లో రాయవద్దు.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాయండి. పొడిబారితే నూనె లేని మాయిశ్చరైజర్ పైన రాయండి. జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ ఎందుకని వదిలేయకండి, మందు వాడుతున్నన్నాళ్లూ అవసరమే. సాలిసిలిక్, అడపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ మూడూ ఒకే రాత్రి మొదలుపెట్టి, మూడో రోజుకు ముఖం కాలినట్టై అన్నీ వదిలేసేవారు చాలామంది. ఒక మందును ఆరు నుంచి ఎనిమిది వారాలు, అడపలీన్ అయితే పన్నెండు వారాలు చూశాకే పనిచేయలేదని తేల్చండి. ఎర్రటి ఒక్క మొటిమ విషయంలో అంత కాలం అవసరం లేదు, కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. రెండు మందులు తప్పకుండా కావాలంటే ఒకటి ఉదయం, ఇంకొకటి రాత్రి. ట్రెటినాయిన్ ఇప్పటికే వాడుతున్నవారు బెంజాయిల్ పెరాక్సైడ్‌ను అదే పూటకు పెట్టుకోవద్దు, ట్రెటినాయిన్ బలం తగ్గుతుంది. అడపలీన్‌కు ఆ ఇబ్బంది లేదు, రెండూ ఒకే ట్యూబులో కలిపి కూడా అమ్ముతారు.

బెంజాయిల్ పెరాక్సైడ్ ట్యూబును వేడిలో ఉంచకండి. వేడికి అది విచ్ఛిన్నమై క్యాన్సర్ కారకమైన బెంజీన్ తయారవుతుందని 2024లో అమెరికాలో ఒక ప్రయోగశాల బయటపెట్టింది. ఆ తరువాత అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 95 ఉత్పత్తులను పరీక్షించి, నూటికి 90కి పైగా వాటిలో బెంజీన్ లేదని లేదా అత్యల్పమని తేల్చింది, కొన్నింటిని మాత్రం 2025 మార్చిలో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. భయపడి మందే మానేయాల్సిన పని లేదు. అయితే మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో స్కూటరు డిక్కీలో, కారు ముందు అరలో ట్యూబు వదిలేయడం తగదు. ఇంట్లో చల్లని చోట పెట్టి, గడువు దాటితే పారేయండి.

వంటింటి మందుల సంగతి

నిమ్మరసం వద్దు. అది గట్టి ఆమ్లం, పైగా నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లటి చారలు పడే ప్రమాదం ఉంది. టూత్‌పేస్టు, వంట సోడా కూడా చర్మాన్ని రేపుతాయి. పసుపుకు వాపు తగ్గించే గుణం ఉంది కానీ, శనగపిండితో కలిపి గట్టిగా రుద్దడంతో ఆ మేలు పోతుంది. నాయనమ్మ మాట తీసేయలేకపోతే మెత్తగా పూసి, నీళ్లతో మెత్తగా కడిగేయండి. ఐసు ముక్కను శుభ్రమైన గుడ్డలో చుట్టి ఒకటి రెండు నిమిషాలు మొటిమ మీద ఉంచితే వాపూ నొప్పీ కాస్త తగ్గుతాయి, ఇది మాత్రం నిజంగా పనికొస్తుంది.

గిల్లడం, గోళ్లతో నొక్కడం అన్నింటికంటే చెడ్డది. పైకి వచ్చే చీము కంటే లోపలికి చిమ్మేది ఎక్కువ. వాపు పెరుగుతుంది, మచ్చ ముదురుతుంది, ఒక్కోసారి గుంట పడుతుంది.

మచ్చకు

మొటిమ మందుతో సమానంగా సన్‌స్క్రీన్ అవసరం. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ, రెండు రకాల అతినీలలోహిత కిరణాలనూ ఆపేది, జెల్ రూపంలో ఉన్నది తీసుకోండి. ఉదయం రాసి, ఎండలో ఉంటే రెండు మూడు గంటలకు మళ్లీ రాయండి. మచ్చ మీద అజిలాయిక్ ఆమ్లం లేదా నియాసినమైడ్ కొనసాగించవచ్చు. రెండు మూడు నెలల్లో పలుచబడుతుంది. గుంటలుగా పడిన మచ్చలకు మాత్రం పైపూతలు పెద్దగా పనిచేయవు, వాటికి వైద్యులు వేరే చికిత్సలు చేస్తారు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

ఎల్లుండి పెళ్లి, బుగ్గ మీద నొప్పితో పెద్ద గడ్డ లేచింది. ఇంట్లో ఏం పూసినా అది రెండు రోజుల్లో పోదు. చర్మవైద్యులు బాగా పలుచన చేసిన ట్రయామ్సినొలోన్ ఇంజెక్షన్ ఆ గడ్డలోకి ఇస్తే ఒకటి రెండు రోజుల్లో అణుగుతుంది. ఇది స్టెరాయిడే, కానీ నిపుణులు కొలిచి ఒక్కసారి ఇచ్చేది. క్లినిక్‌లో చర్మవైద్యుల చేతనే చేయించుకోండి, మోతాదు మించితే అక్కడ చర్మం గుంట పడుతుంది.

ముఖమంతా మొటిమలు నిండిపోయినా, లోతైన గడ్డలు మళ్లీమళ్లీ వస్తున్నా, గుంటలు పడుతున్నా, రెండు మూడు నెలలు సరిగా రాసినా తగ్గకపోయినా ఆలస్యం చేయకండి. అమ్మాయిల్లో నెలసరి తప్పుతూ, గడ్డం మీద రోమాలు పెరుగుతూ మొటిమలు కూడా వస్తుంటే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో చూడాలి. స్టెరాయిడ్ మాత్రలు, క్షయకు వాడే ఐసోనియాజిడ్ వంటి మందులు మొదలుపెట్టాక మొటిమలు లేచినా వైద్యులకు చెప్పండి, మీ అంతట మీరు ఆ మందులు ఆపవద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏది రాసే ముందైనా అడగాలి.

వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా ముఖానికి రాసిన ట్యూబులన్నీ, సగం అయిపోయినవీ పేరు చెరిగిపోయినవీ కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. తెల్లబడడానికి పూసిన క్రీమ్ ఉంటే మొహమాటపడకుండా అదీ చూపించండి. మొటిమలు ఎక్కువగా ఉన్న రోజున ఫోనులో తీసిన ఫొటోలు పట్టుకెళ్లండి, డాక్టరు చూసే రోజుకు అవి తగ్గి ఉండవచ్చు.